జావ గిన్నెలో నా ఐదు నిమిషాలు

నేను ఒక ఎంజైమ్‌ని, పేరు అమైలేజ్. పుట్టింది నాగవేణి వంటింట్లో, తడిగుడ్డలో మూటగట్టిన రాగుల్లో. మొలక తలెత్తగానే దానికి ఆకలి. గింజలో దాచుకున్న పిండిపదార్థాన్ని ముక్కలు చేసి పెట్టేందుకు నన్ను కన్నది. ఆ పని తప్ప నాకు మరొకటి రాదు. నెయ్యి తెచ్చి ఎదుట పెట్టినా ముట్టను. పైగా మహా సుకుమారిని. చల్లగా ఉంటే కదల్లేను, వేడి పెరిగేకొద్దీ చురుకు, మరిగితే చావే. పులుపు ఎక్కువైనా ఒళ్లు చెడుతుంది. ఇన్ని భయాలున్న నన్ను నాకంటే భయస్తురాలి చేతిలో పెట్టాడు దేవుడు.

నాగవేణికి పది నెలల కూతురు, హంసిక. బరువు ఆరు కిలోల దగ్గరే ఆగిపోయింది. చిక్కటి రాగిజావ మింగలేక ఉమ్మేస్తుంది. నీళ్లు పోసి పలచన చేస్తే పొట్ట నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. వచ్చే నెల తూకంలో పెరగకపోతే ఆస్పత్రిలో చేర్చాలంది అంగన్‌వాడీ టీచరు. మొలకరాగులు ఎండబెట్టి, పొడి కొట్టి, జావలో చిటికెడు కలపమన్నదీ ఆవిడే.

మొదటి రోజు నాగవేణి, క్రిములు చావాలని, పొడిని కుతకుత ఉడికే జావలో వేసింది. నా తోబుట్టువులు లక్షలమంది క్షణంలో పోయారు. జావ ముద్దగానే ఉంది, పాప ఉమ్మేసింది.

“ఆ పొడిలో ఏమీ లేదు టీచరమ్మా,” అని నాగవేణి అంగన్‌వాడీకి వెళ్లి చెప్పింది.

చంపి, ఆపైన చచ్చినవాడికి సత్తువ లేదనడం మనుషుల న్యాయం.

“వేలు పెడితే ఓర్చుకునేంత చల్లారినాక వెయ్యి తల్లీ,” అంది టీచరు.

రెండో రోజు నా వంతు. చక్కెర పూసలు గుచ్చిన పిండి గొలుసును పట్టడం, తెంపడం, వదలడం, ఇంకోదాన్ని పట్టడం. నేను మాత్రం అరగను, తరగను. ఐదు నిమిషాల్లో జావ గరిటె నుంచి ధారగా జారింది. అత్త ఓబులమ్మ కళ్లు చికిలించి చూసింది.

“నీళ్లు పోసినావామ్మే?”

“చుక్క పోయలేదత్తా. చెడిపోయిందేమో, పారబోస్తా.”

ఓబులమ్మ వేలు ముంచి నాకింది. “తియ్యగుంది. చెడిపోయింది ఇట్లుంటాదా?”

“పాపకు ఏమన్నా అయితే?”

“నీ భయం తినే బిడ్డ ఎండిపోతాంది.”

నాగవేణి పారబోయలేదు. కానీ గిన్నెను మళ్లీ పొయ్యెక్కించి ఒక పొంగు రానిచ్చింది. నా పట్టు సడలింది, ఒళ్లు విడిపోయింది. అయితేనేం, తెగిన గొలుసులు మళ్లీ అతకవు. హంసిక గిన్నెడూ తాగి, గరిటె కోసం చెయ్యి చాచింది.

నేనూ మాంసకృత్తినే కదా, ఆ చిన్న పొట్టలో అరిగిపోయాను. నా తర్వాత రోజుకో చిటికెడు అదే దారిన వచ్చింది. నెల తిరిగాక తూకం ముల్లు అరకిలో ముందుకు జరిగింది. అందులో నా వంతూ ఉందని నాకు గర్వం.

నాగవేణి ముల్లు వంక చాలాసేపు చూసింది. “మీ తక్కెడ చెడిపోలేదు గదా టీచరమ్మా?” అని అడిగింది.