సూపరింటెండెంటుగారి ఒంటి పడవ

నదీ భద్రతా కార్యాలయంలో ఆ కొత్త నిబంధన రాసిన రోజు సూపరింటెండెంటుగారు భలే హుషారుగా ఉన్నారు. ఇకమీదట రక్షణ దళంవాళ్ళ యోగ్యతాపత్రాల మీద సంతకం పెట్టే అధికారి, ఉరవడి నీళ్ళలో ఒంటరిగా పడవ నడిపి పరీక్ష నెగ్గినవాడై ఉండాలి. ఆయన కుర్చీ మీద కన్నేసిన అసిస్టెంటుకి నీళ్ళంటే హడలని ఆఫీసంతటికీ తెలుసు. వాడి నోట్లో మట్టి కొట్టడానికే ఆ రాత. పైవాళ్ళు ఒక్క అక్షరం మార్చకుండా ఆమోదించి, కింద ఒకే వాక్యం చేర్చారు: ప్రస్తుతం ఆ కుర్చీలో ఉన్నవారు కూడా నెల రోజుల్లో పరీక్ష నెగ్గాలి. ఈలోగా అసిస్టెంటు గుట్టుచప్పుడు కాకుండా సెలవు పెట్టి, ఎక్కడో నేర్చుకుని, నెగ్గి వచ్చి కూర్చున్నాడు.

సూపరింటెండెంటుగారు కాలు కాలిన పిల్లిలా తిరిగారు. ఆఖరికి, పడవ నేర్పి పరీక్ష పెట్టే మాస్టరు స్వయానా తన మరదలేనన్న సంగతి గుర్తొచ్చి కాస్త కుదుటపడ్డారు. ఇంటి మనిషే కదా, నాలుగు రోజులు అలా తిరిగొస్తే సరిపోతుందనుకున్నారు. మరదలి ముక్కుసూటితనం ఆయనకి పెళ్ళినాటి నుంచీ తెలుసు. తెలిసీ అలా అనుకోవడం ఆయన తప్పు.

ఆయన పడవ ఎక్కనివారేం కాదు. తనిఖీలకి వెళ్ళినప్పుడల్లా వెనక సీట్లో కూర్చునేవారు. ముందు సీట్లో డ్రైవరు తెడ్డు వేసేవాడు. ఎడమ అంటే ఎడమ, కుడి అంటే కుడి. ఇప్పుడు పడవ మధ్యలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, చేతికి తెడ్డిచ్చి, నీళ్ళలోకి తోసేసింది మరదలు. రాళ్ళ మధ్య నీరు దూకుతోంది. ఎదురుగా పెద్ద బండ కనిపించింది.

"ఎడమకి కొట్టు" అని ఆయన గట్టిగా ఆజ్ఞాపించి, ఎదురుచూశారు.

ఎవరూ కొట్టలేదు. పడవ అడ్డంగా తిరిగి బండకి ఆనుకుంది. సూపరింటెండెంటుగారు బండకి దూరంగా ఇవతలికి వాలారు. పడవ బోర్లా పడింది.

మరదలు ఆయన లైఫ్ జాకెట్ పట్టుకుని ఒడ్డుకి లాగింది. ముందు సీట్లో తెడ్డు వేసేవాళ్ళెవరూ లేరని, బండ తగిలితే బండ మీదికే వాలాలి తప్ప ఇవతలికి తప్పుకోకూడదని చెప్పింది. తప్పుకుంటే పైనుంచి వచ్చే నీరు పడవ అంచెక్కి బోర్లా తిప్పేస్తుందట. ఆయనకి ఇది మింగుడుపడలేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఏ గొడవ ఎదురొచ్చినా ఇవతలికి తప్పుకునే ఇంతవారయ్యారు.

మూడు వారాలు గడిచాయి. తెడ్డు బాగాలేదని ఒక మెమో, నీటిమట్టం నిబంధనలకు అనుగుణంగా లేదని ఇంకొకటి రాశారు. నది దేనికీ జవాబివ్వలేదు. గడువు ముందురోజు, చెవుల్లోంచి నీళ్ళు వంపుకుంటూ, నెమ్మదిగా అడిగారు.

"నువ్వో సంతకం పడేస్తే పోతుంది కదా. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తున్నాగా బావగారూ" అంది మరదలు. ఆమె మొహంలో నవ్వు లేదు. "సంతకం ఎంతసేపు? రేపు మీరు మునిగిపోతే అక్కకి నేనేం చెప్పాలి?"

ఆయన తెడ్డు అందుకున్నారు. ఆ రోజు ఇంకో నాలుగుసార్లు పడవ ఎక్కారు.

మర్నాడు పరీక్షలో అదే బండ ఎదురొచ్చింది. ఆయన అలవాటుగా "ఎడమకి కొట్టు" అని అరిచారు. ఆశ్చర్యం, చెయ్యి కొట్టింది, ఆయన చెయ్యే. అయినా పడవ బండకి రాసుకుంది. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఆయన బండ మీదికే వాలారు. పడవ ఒక్క క్షణం ఊగిసలాడి, జారి, బండ వెనక నిలకడ నీళ్ళలోకి వచ్చి ఆగింది. తను చెప్పిన పని తనే చెయ్యడం ఆయనకి ఇంచుమించు ఇదే మొదటిసారి. పట్టరాని సంతోషం కలిగింది. వెనక్కి తిరిగి ఆ నీళ్ళు చూస్తే భయం కూడా కలిగింది. మరదలు కాగితం మీద సంతకం చేసింది. కుర్చీ దక్కింది.

సోమవారం గుమాస్తా ఎప్పటిలాగే రక్షణ దళంవాళ్ళ యోగ్యతాపత్రాలు ఆరు తెచ్చి, సంతకం చోట వేలు పెట్టి నిలబడ్డాడు. బయట మూడు రోజులుగా ఒకటే వాన. సూపరింటెండెంటుగారు కలం మూత తీసి, మళ్ళీ పెట్టేశారు. ఈ ఆరుగురూ నీళ్ళలోకి దిగగా చూసిందెవరని అడిగారు.

గుమాస్తాకి ముందు ప్రశ్నే అర్థం కాలేదు. ఎవరూ చూడరని, పదకొండేళ్ళుగా ఆఫీసులో పద్ధతి అదేనని వినయంగా మనవి చేశాడు. ఇంతవరకూ తను ఎన్నింటి మీద సంతకం పెట్టారో చూడమన్నారాయన. రిజిస్టరు తిరగేసి, మూడు వందల పన్నెండని చెప్పాడు గుమాస్తా.

సూపరింటెండెంటుగారు ఆ ఆరు పత్రాలూ పక్కకి నెట్టారు.

"ఆ మూడు వందల పన్నెండు మందినీ రేపు నది దగ్గరికి రమ్మనవయ్యా. ఒక్కొక్కణ్ణీ నా కళ్ళతో చూడాలి."

"రమ్మనక్కర్లేదండీ" అన్నాడు గుమాస్తా. "వరదొచ్చింది కదా. పొద్దుటి నుంచీ అందరూ నదిలోనే ఉన్నారు."