రెండోసారి అడగని మనిషి

బొంబాయిలో విజయక్క పెళ్ళాడతానన్న మనిషిని చూసి రావడానికి నాన్నగారు వెళ్ళలేదు. నన్ను పంపారు. ఆయన రాజోలులో పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి, ఎవరితోనైనా మాట కలపగలరు. అయినా నన్నే పిలిచి, "నువ్వు మాట్లాడవు గానీ చూస్తావమ్మా, రూతూ. చూసి రా. మంచివాడంటే నేనే దగ్గరుండి పెళ్ళి చేస్తాను. కాదంటే ఈ ఇంట్లో ఇక ఆ ఊసు వద్దు" అన్నారు. అమ్మ గుమ్మం పక్కన నిలబడి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూనే ఉంది, ఆ చెయ్యి ఎప్పుడో ఆరిపోయినా.

నాలుగేళ్ళ క్రితం అక్కకి ముమ్మిడివరం నూకరాజు గారి అబ్బాయి సంబంధం వచ్చింది. పెద్దలందరూ మా వసారాలో కూర్చున్నారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. నాన్నగారు అక్కని పిలిచి ఇష్టమేనా అని అడిగారు. "వద్దండి నాన్నగారూ" అంది అక్క. అందరూ మెత్తగా నవ్వారు. ఆడపిల్ల మొదట అలాగే అంటుందిలెండి అన్నారెవరో. ఈలోగా అమ్మ కాఫీలు తెచ్చింది. వద్దన్న వాళ్ళ గ్లాసుల్లో కూడా పోసింది, వాళ్ళూ తాగారు. ప్రధానానికి రోజు కుదిరింది. ఆ రోజు రాకముందే అక్క నర్సు ట్రైనింగుకని బొంబాయి వెళ్ళిపోయింది.

నూకరాజు గారింటికి నాన్నగారు ఒక్కరే వెళ్ళి తల వంచుకుని చెప్పుకొచ్చారు. అప్పటినుంచి అక్కకి ఆయన ఒక్క ముక్క రాయలేదు. కిందటేడు వరదలో మా గోడలు నడుం దాకా తడిశాయని విని అక్క కంగారుపడి రాస్తే, అమ్మే నాచేత జవాబు రాయించింది.

నాకు తోడుగా మత్తయి బాబాయి వచ్చారు. బాబాయికి బొంబాయి నచ్చలేదు. నీళ్ళు పడలేదు, అన్నం మెతుకు నచ్చలేదు, మనుషులు నడిచే తీరు అసలే నచ్చలేదు. ఇంటినుంచి తెచ్చుకున్న ఆవకాయ, కాల్చిన అప్పడాలతో కాలక్షేపం చేశారు. మేమున్న రోజులన్నీ అక్కకి డ్యూటీలే. సాయంత్రం మా రైలనగా, ఆ మధ్యాహ్నం ఖాళీ దొరికింది. తన నర్సుల హాస్టలుకి దగ్గర్లో మెక్సికో దేశపు తిండి పెట్టే చోటొకటి ఉందనీ, అతను అక్కడికే వస్తాడనీ చెప్పింది. బాబాయి ఆ మాట విని, ఈ దేశంలో నీళ్ళే పడక చస్తుంటే మళ్ళీ ఇంకో దేశం ఎందుకమ్మా, నేను స్టేషన్లో సామాను దగ్గర కూర్చుంటానన్నారు. మేం మెట్లు దిగుతుంటే, రైలు నీకోసం ఆగదు సుమా అని వెనకనుంచి కేకేసి మరీ చెప్పారు. ఆ కేక నాతోనే వచ్చింది.

ఓడల్లో వంట చేసి తిరిగొచ్చిన గోవా ఆయన ఎవరో ఆ హోటలు పెట్టాడట. గోడకి తాటాకు గొడుగంత టోపీ తగిలించి ఉంది. బల్లల మీద ఎర్ర గళ్ళ గుడ్డలు. టేపురికార్డరులో ఏదో పాట తరుముకొస్తున్నట్టు పరిగెడుతోంది. బయట డబుల్ డెక్కర్ బస్సు వెళ్ళినప్పుడల్లా గ్లాసుల్లో నీళ్ళు వణికేవి. నేను గోడ గడియారం వైపు చూశాను, తలుపు వైపు చూశాను, మళ్ళీ గడియారం వైపు చూశాను. నాన్నగారు చూసి రమ్మన్నారు గానీ ఏం చూడాలో చెప్పలేదు. బల్ల కింద అక్క కాలు ఊగుతూనే ఉంది.

అతను చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. పేరు డేనియల్. తాతగారు కరీంనగర్ వైపు నుంచి బట్టల మిల్లులో పనికని వచ్చి అక్కడే ఉండిపోయారట. ఇతను పుట్టిందీ పెరిగిందీ బొంబాయిలోనే. అక్క హాస్పిటల్లోనే రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. తెలుగు బాగానే మాట్లాడతాడు గానీ, అందులో ఎక్కడా అండీ లేదు.

"నువ్వేనా రూతు? ఏం తింటవ్?" అన్నాడు కూర్చుంటూనే.

"ఏదైనా ఫరవాలేదండి."

"ఏదైనా అంటే వాడు ఏదైనా తెస్తడు" అన్నాడు నవ్వకుండా. అక్క నవ్వింది. నాకు నవ్వాలో లేదో తెలియలేదు.

టాకోలని తెచ్చారు. మొక్కజొన్న పిండి రొట్టెని పల్చగా చేసి, మడిచి, అప్పడంలా కరకరలాడేలా వేయించి, ఆ మడతలో ఉడికిన ఎర్ర గింజలూ, పీచులుగా తీసిన కోడిమాంసం, పచ్చి ఉల్లిపాయ తరుగూ కూరారు. ముగ్గురం ప్రార్థనకి కళ్ళు మూసుకున్నాం. నేను తెరిచేసరికి అతను అప్పుడే కొరికేశాడు. నేను కొరికితే అది రెండు ముక్కలై లోపలిదంతా పళ్ళెంలో పడింది. సిగ్గుతో తలెత్తితే అతనిదీ విరిగే ఉంది, వేళ్ళతో ఏరుకుని తింటున్నాడు. పక్కన చిన్న గిన్నెలో టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి నూరిన పచ్చడి. అమ్మ రోట్లో నూరిందే ఎవరో ఓడెక్కించి తెచ్చినట్టుంది. పొద్దున హాస్టల్లో పెట్టిన ఉప్మా నాకు సయించలేదు. ఆ పచ్చడి నాలిక మీద పడ్డాక గానీ ఎంత ఆకలిగా ఉందో తెలియలేదు.

నా పళ్ళెం ఖాళీ అయింది. పెద్ద పళ్ళెంలో ఒక్కటి మిగిలింది.

"ఇంకొకటి తింటవా?" అన్నాడు.

"వద్దండి, చాలండి."

"సరే" అని దాన్ని తీసుకుని రెండు చేసి, సగం అక్కకి ఇచ్చి, సగం తను తిన్నాడు. కుర్రాడు వచ్చి ఖాళీ పళ్ళెం ఎత్తుకెళ్ళాడు.

నేను ఆ పళ్ళెం వంటగది తలుపు దాటేదాకా చూశాను. మా వైపు మొదటిసారి వద్దనేది మర్యాదకి. రెండోసారి మొహమాటానికి. మూడోసారి విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే, ఆ వేళ్ళ సందుల్లోంచే గరిట దిగుతుంది. వద్దన్నారని ఊరుకునే ఇల్లు మా లంకల్లో ఎక్కడా ఉండదు. ఊరికొచ్చిన ఆడపిల్లని, కాబోయే మరదల్ని, రెండోసారి అడగాలని తోచలేదు ఇతనికి. కడుపులో ఆకలి, దాని పైన కోపం. నాన్నగారితో చెప్పాల్సిన మాట దొరికిందనుకున్నాను. మర్యాద తెలియని మనిషండి అంటే చాలు, ఇక ఏమీ అడగరు. ఆ ఒక్క మాట మూటగట్టుకుని అప్పుడే లేచి స్టేషనుకి పోవాలనిపించింది.

అక్క సంచిలోంచి అమ్మ పంపిన పూతరేకుల డబ్బా తీసింది. అతను ఒకటి తిన్నాడు, వేళ్ళకంటిన పంచదార పొడి చూసుకున్నాడు. "ఇంకొకటి ఉందా?" అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. మా ఇళ్ళల్లో ఇంకా కావాలని నోరు తెరిచి అడిగినవాణ్ణి నేను చూడలేదు. అక్క మాత్రం అదేమీ వింత కానట్టు డబ్బా ముందుకి జరిపింది.

తర్వాత పెళ్ళి మాట వచ్చింది. క్రిస్మస్ ముందు అక్కడి చర్చిలోనే చేసుకుందామనీ, పాస్టరుతో మాట్లాడి ఉంచాననీ అతను చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు సంతోషంగా ఉన్నాడు.

"వద్దు. మా ఊళ్ళో, మా నాన్నగారి ఎదురుగా" అంది అక్క.

నేను గడియారం మరిచిపోయి అతని మొహం చూశాను. మగవాళ్ళు కాదనిపించుకున్నాక వాళ్ళ మొహాల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. నోరు సరేనన్నా, దవడ దగ్గర ఏదో బిగుస్తుంది. కంచం కొంచెం చప్పుడవుతుంది. ఆ తర్వాత రెండ్రోజులు ఇంట్లో అందరూ మెల్లిగా నడుస్తారు. నేను ఆ బిగింపు కోసం కాచుకుని కూర్చున్నాను.

"సరే. ఇక్కడ పాస్టరుకి రేపు చెప్పేస్త" అన్నాడు. చేతులు తుడుచుకుని, మా ఊరికి ఏ రైలెక్కాలని నన్ను అడిగాడు. నరసాపురం దాకా రైలండి, తర్వాత పంటు మీద గోదావరి దాటాలండి అని చెప్పాను. రైలు ఎక్కడ మారాలో మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకున్నాడు. దవడ బిగియలేదు. నేను చివరిదాకా చూశాను.

చేతులు కడుక్కునే చోట అక్క నా పక్కకొచ్చింది.

"ఆకలిగా ఉంది కదూ?"

నేను చేతులు మళ్ళీ రుద్దుకున్నాను.

"నేనూ మొదట్లో ఇతనితో ఎప్పుడు హోటలుకెళ్ళినా ఆకలితోనే తిరిగొచ్చేదాన్ని. ఓ రోజు ఏడుపొచ్చి అడిగేశాను, రెండోసారి అడగరేమిటని. వద్దన్నవ్ కదా అన్నాడు." నీళ్ళు పారుతూనే ఉన్నాయి, అక్క కుళాయి కట్టలేదు. "ఆ రోజు మన వసారాలో నేను వద్దన్నది నువ్వు విన్నావా?"

"విన్నాను."

"ఇంకెవరైనా విన్నారా?"

నేను కుళాయి కట్టేశాను. గోడకున్న అద్దంలో ఇద్దరి మొహాలూ కనిపిస్తున్నాయి. అక్క మొహం చూడలేక నేను తల దించుకున్నాను.

రైల్లో బాబాయి అప్పడాల డబ్బా విప్పి, ఏం పెట్టేడే ఆ మహానుభావుడు అని అడిగారు. రొట్టె అన్నాను. రొట్టె కోసం అంత దూరం వెళ్ళాలా అని ఆయన డబ్బా మూసి, కిటికీ వైపు తిరిగి పడుకున్నారు. నాకు మాత్రం కుదురు లేదు. నాన్నగారితో చెప్పాల్సింది ఒకలా పేర్చుకునేదాన్ని, స్టేషను వచ్చేసరికి అది చెదిరిపోయేది. పెట్టలేదని చెబితే మర్యాద తెలియనివాడవుతాడు. బాగా పెట్టాడంటే అబద్ధం. రైలు మారాం. కిటికీ బయట మాగాణులు మొదలయ్యాయి. నా దగ్గర ఇంకా మాట లేదు.

నరసాపురం స్టేషనుకి నాన్నగారే వచ్చారు. దారంతా ఏమీ అడగలేదు. పంటు కదిలాక, బాబాయి సామాను మీద కూర్చుని కునుకుతుంటే, కమ్మీ పట్టుకుని నీళ్ళవైపు చూస్తూ అడిగారు.

"కడుపునిండా పెట్టేడా?"

"లేదండి. ఆకలితోనే లేచాను."

ఆయన చెయ్యి కమ్మీ మీద బిగిసింది. "ఇంకా కావాలా అని అడగలేదా?"

"అడిగారండి. వద్దన్నాను. ఊరుకున్నారు."

"ఒక్కసారే అడిగేడా?"

"ఒక్కసారేనండి." నేను ఆపలేదు. "అక్క వద్దన్నా ఊరుకుంటారండి నాన్నగారూ. అక్కడే పెళ్ళికి అన్నీ మాట్లాడుకుని వచ్చారు. అక్క ఒక్కసారి వద్దంది. సరేనన్నారు. మొహం మాడ్చుకోలేదు. నేను చూశాను."

అవతలి గట్టు కొబ్బరిచెట్లు దగ్గరవుతున్నాయి.

"ఆ రోజు మన వసారాలో..." అని నాన్నగారు ఆగిపోయారు. నా వైపు తిరిగి, "నిజంగానే వద్దందా, అమ్మా?" అన్నారు.

"ఆయ్" అన్నాను.

ఇల్లు చేరేదాకా ఆయన మళ్ళీ మాట్లాడలేదు. చెప్పకూడనిది చెప్పేశానేమో, అక్కకి చెయ్యాల్సిన మేలు పాడుచేశానేమో అని ఒకటే గుబులు. అమ్మ అన్నాలు వడ్డించింది. చేపల పులుసు. ఎన్నాళ్ళకో మన మెతుకు. గబగబా తినేశాను. అమ్మ గిన్నె తీసుకుని వంగింది.

"చాలమ్మా, వద్దు" అన్నాను అలవాటుగా.

గరిట రానే వచ్చింది.

"వద్దంటోంది కదా. ఊరుకో" అన్నారు నాన్నగారు.

అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయన వేళాకోళానికి అన్నారేమోనని చూసింది, నేనూ చూశాను. ఆయన తన కంచంలోకే చూస్తున్నారు. అమ్మ ఏం చెయ్యాలో తోచక గరిట గిన్నెలో పెట్టేసింది. నా కంచం ఖాళీగా ఉంది. కడుపులో ఆకలి అలాగే ఉంది.

"కావాలమ్మా. ఇంకొంచెం వెయ్యి" అన్నాను. ఆ ఇంట్లో నా నోటినుంచి ఆ మాట రావడం అదే మొదలు.

ఇప్పుడే కదే వద్దన్నావు, బొంబాయి వెళ్ళొచ్చి పిచ్చిదానివయ్యావా అని అమ్మ గొణుక్కుంటూ వేసింది. నాన్నగారు మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు.

"డేనియల్ వాళ్ళింట్లో పెద్దలెవరున్నారన్నావు?" అని అడిగారు.