అంచులో మూడు వేళ్ళ గుడ్డ

మీ పిల్లల యూనిఫాం అంచు ఒకసారి తిరగేసి చూడండి. లోపల మూడు వేళ్ళ వెడల్పు గుడ్డ మడిచి కుట్టి ఉంటుంది. పిల్ల పొడుగైతే కుట్టు విప్పి దించుకోవడానికి వదిలిన గుడ్డ అది. కొనేవాళ్ళు దాన్ని గమనించకపోవచ్చు. కుట్టేవాళ్ళు మాత్రం మరిచిపోరు.

బడి యూనిఫాంలు కుట్టే ఒక దుకాణంలో అంచులన్నీ ఒకామె చేతి మీదుగానే వెళ్ళేవి. అందుకే అందరూ ఆమెను అంచులమ్మ అనేవారు.

"అంత గుడ్డ లోపలికి మడిచేస్తే ఎలా అంచులమ్మా? దండగ కాదూ" అని కటింగ్ మాస్టారు రోజూ సణిగేవాడు.

"పిల్లలు మాస్టారూ. మనల్ని అడిగి ఎదుగుతారా?" అనేది ఆమె.

అలాంటి మనిషి సొంత కూతురి విషయంలో ఏం చేసిందో చెప్పడానికే ఈ కథ.

ఆమెకు ఒక్కతే కూతురు. నెలలు నిండకుండా పుట్టి దోసిట్లో ఇమిడిపోయిందని పిచ్చుక అని పిలిచారు. ఇప్పుడు హైస్కూలు చివరి ఏడాదికి వచ్చి, తల్లికన్నా జానెడు పొడుగైనా ఆ పేరు పోలేదు. తండ్రి లారీ నడుపుతూ వారంలో ఆరు రోజులు రోడ్ల మీదే ఉంటాడు. ఆ ఆరు రోజులూ అంచులమ్మ ప్రాణం లారీ చక్రాల దగ్గరే ఉంటుంది. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం.

ఒక సోమవారం పిచ్చుక బడి నుంచి బిరుసైన కాగితం ఒకటి తెచ్చింది. సైన్సు టీచరమ్మ చివరి ఏడాది పిల్లల్ని బస్సులో పక్క ఊరి కాలేజీకి తీసుకెళ్తుందట. అక్కడి ప్రయోగశాలలు, వర్కుషాపులు చూపించి, ఏ చదువుకు ఏ పని దొరుకుతుందో ఆ పని చేసేవాళ్ళ చేతే చెప్పిస్తుందట. పెద్దవాళ్ళు సంతకం పెట్టి గురువారంలోగా ఇవ్వాలి.

కాగితం నిండా పిచ్చుక గుండ్రటి రాత ఉంది. ‘ఏం కావాలనుకుంటున్నావు?’ అన్న ప్రశ్న కింద గీత మాత్రం ఖాళీగా ఉంది.

"ఇక్కడ రాయలేదేం?"

"ఏం రాయను? నేను చూసింది టీచరమ్మని, నర్సుని, నిన్ను, నాన్నని. చూడనిదాన్ని ఎలా రాయనమ్మా?"

"నర్సు అని రాసెయ్. ఆస్పత్రి ఇంటికి దగ్గర."

"రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. ముందు నన్నే మంచం మీద పడుకోబెట్టాలి."

తల్లి నవ్వలేదు. "రేపు పెడతాలే సంతకం" అంది.

ఆ బస్సు బ్రేకులు ఎలాంటివో, డ్రైవరు నిద్రపోయాడో లేదో, కొత్త ఊళ్ళో పిల్ల తప్పిపోతే ఎవరిని అడగాలో, ఆమె కుట్టు కుట్టుకీ ఒక అపాయం తలుచుకుంది. కానీ అన్నిటికన్నా పెద్ద భయం వేరే ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు.

చిన్నప్పుడు ఒకసారి, వడ్రంగి అయిన తన తండ్రి వెంట మేకుల డబ్బా మోసుకుంటూ ఆమె ఒక కాలేజీకి వెళ్ళింది. తండ్రి కిటికీ రెక్క బిగిస్తుంటే లోపలికి చూసింది. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒకతె పొడవాటి గాజు గొట్టం ముందు నిలబడి ఉంది. అందులోంచి నీలం నీళ్ళు ఒక్కో బొట్టూ రాలుతున్నాయి. ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"నాన్నా, అదేంటి?"

"మనకెందుకులే. మేకులు పట్టుకో."

ముప్పై ఏళ్ళు దాటినా, కొత్త గుడ్డ తానులో ఆ నీలం కనబడితే ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. చూడబట్టే కదా ఈ బాధ, చూడకపోతే హాయిగా ఉండేదాన్ని అనుకుంటుంది. తన పిల్లకు ఆ బాధ వద్దు. చూస్తే కావాలనిపిస్తుంది. కావాలనుకున్నాక అందకపోతే?

మంగళవారం ఆ కాగితాన్ని దుకాణానికి తీసుకెళ్ళి, గుడ్డ మీద పెట్టి గీసుకునే అచ్చులు కత్తిరించే కాగితాల అడుగున పెట్టింది. చింపలేదు, పారెయ్యలేదు. కాసేపు కళ్ళ ముందు లేకుండా చేసిందంతే.

బుధవారం కటింగ్ మాస్టారు దాన్ని లాగి వేళ్ళతో టకటక కొట్టి చూశాడు. "భలే బిరుసుగా ఉంది. కాలరుకి ఇంతకన్నా మంచి అచ్చు దొరకదు" అన్నాడు. ఆమె నోరు తెరిచింది. కత్తెర వంపు తిరుగుతోంది. ఆమె నోరు మూసుకుంది. నేను చింపలేదుగా అని మనసుకు సర్దిచెప్పుకుంది.

"కాగితం దుకాణంలో ఎక్కడో పోయిందే" అని గురువారం కూతురికి చెప్పింది.

పిచ్చుక తల్లి ముఖంలోకి చూసి, "సరేలే" అంది.

మరుసటి సోమవారం బస్సు వెళ్ళిపోయింది. తరగతి ఖాళీగా ఉందని పిచ్చుక గుండీలు కుట్టడానికి దుకాణానికి వచ్చింది. గోడకున్న మేకుకి కొత్త కాలరు అచ్చు వేలాడుతోంది. దాని మీద తన రాత. పుట్టిన తేదీ సగానికి తెగిపోయింది. ఖాళీ గీత మాత్రం తెగకుండా మిగిలింది. ఆ పిల్ల దాన్ని చదివి, మళ్ళీ జాగ్రత్తగా మేకుకే తగిలించింది.

"కాలరు బాగా కుదిరిందా అమ్మా?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. కటింగ్ మాస్టారు ఏమీ తెలియక, "మహ బాగా కుదిరిందమ్మా, అరవై తీశాం" అన్నాడు. పిచ్చుక తల వంచుకుని గుండీలు కుట్టుకుంటూ కూర్చుంది. మడిచి పెట్టుకున్న ఆ పొడుగాటి కాళ్ళను తల్లి అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది.

మర్నాడు ఆమె ఆ అచ్చు పట్టుకుని బడికి వెళ్ళింది.

"కత్తిరించింది మా మాస్టారు. దాచింది నేనే" అని టీచరమ్మ ముందు పెట్టింది. నీలం నీళ్ళ సంగతి కూడా, ఎందుకో, అప్పుడే చెప్పేసింది.

టీచరమ్మ ఆమెకు కుర్చీ చూపించింది. "చూసినందుకు కాదమ్మా మీకు బాధ. అదేంటని అడిగితే చెప్పేవాళ్ళు లేక. మీ అమ్మాయికి చెప్పడానికి మేమున్నాం. ఏ పరీక్ష రాయాలో, ఫీజు రాయితీ ఎక్కడ అడగాలో, హాస్టలుకి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో అన్నీ చెప్తాం. తేదీలు దాటిపోతే మాత్రం మా చేతుల్లో ఏమీ ఉండదు."

"బస్సు వెళ్ళిపోయిందిగా."

"శనివారాలు ఎవరైనా వచ్చి చూడొచ్చని కాలేజీ గేటుకి బోర్డు ఉంది. ఏళ్ళుగా ఉంది. మన వీధుల నుంచి ఒక్కరూ వెళ్ళరు."

ఆ శనివారం అంచులమ్మ సెలవు పెట్టింది. బస్సులో కిటికీ పక్క సీటు పిచ్చుకకు ఇవ్వలేదు, గాజు పగులుతుందేమోనని. కానీ వెళ్ళింది.

కాలేజీలో పిచ్చుక మొదట తల్లి వెనకే నడిచింది. వర్కుషాపులో పక్కన నడిచింది. మట్టి గట్టిదనం కొలిచే గదికి వచ్చేసరికి ముందు నడుస్తూ, అక్కడ పనిచేసే ఆయన్ని ప్రశ్న మీద ప్రశ్న అడుగుతోంది. చివరి గది గుమ్మం దగ్గర తల్లి ఆగిపోయింది. బల్ల మీద అదే గాజు గొట్టం. అదే నీలం.

"రండమ్మా లోపలికి" అంది తెల్లకోటు అమ్మాయి.

"అదేంటమ్మా, ఆ నీళ్ళు?"

"తోటలకి మందుగా కొట్టే మైలుతుత్తం కలిపిన నీళ్ళండీ."

"మైలుతుత్తమా. అంతేనా?"

ఆమెకు నవ్వు వచ్చింది, ఆ వెంటే కళ్ళు నిండాయి. ఒక్క మాటతో తీరే దాహాన్ని ముప్పై ఏళ్ళు మోసింది.

తిరుగు బస్సులో ఈసారి కిటికీ పక్క సీటు పిచ్చుకదే. తల్లి సంచిలోంచి కాలరు కాగితం తీసి, పెన్ను ఇచ్చింది. పిచ్చుక దాన్ని ఒడిలో పెట్టుకుని ఆలోచించింది.

"ఒక్క గీత సరిపోదమ్మా."

"వెనక్కి తిప్పి రాయి. అటు ఖాళీయే" అంది తల్లి.

అమ్మలారా, నాన్నలారా, వేసుకునే గుడ్డలో మూడు వేళ్ళు వదులుతున్నాం. పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి లోకం చూపించడమంటే, వాళ్ళ బతుకులోనూ ఆ మూడు వేళ్ళు వదలడమే.