ఎడమచేతి ఉత్తరాలు

స్నానం ముగించి, తడి తలతోనే చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉత్తరాల గుమాస్తా గడియారం వంక చూశాడు. ఎనిమిదీ నలభై. ఆఫీసుకు ఆలస్యంగా వస్తున్నాడని నిన్ననే చీవాట్లు తిన్నాడు. అక్క ఇంకా కంప్యూటరు ముందే కూర్చుని, ఎడమచేతి చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే వెతికి నొక్కుతోంది. అతను ఆమె భుజం మీదుగా వంగి, తగిలించి ఉన్న చిన్న డిస్కును లాగి, ఆమె పాత కళ్లజోడు పెట్టెలో పడేసుకున్నాడు. తలుపు దగ్గర వెనక్కి తిరిగితే అక్క ఎడమచెయ్యి పైకెత్తింది. వెళ్లిరా అంటోందనుకున్నాడు. తనూ చెయ్యి ఊపి మెట్లు దిగాడు.

నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి అక్కకు కుడివైపు పడిపోయింది. మాట కూడా పోయింది. పెళ్లీ గిళ్లీ లేకుండా ఇద్దరూ ఒకే కప్పు కింద ముసలివాళ్లయ్యారు. అంతకుముందు ఆ ఇంట్లో మాటంతా ఆమెదే, అతను వినడానికే పుట్టినవాడు. పలక మీద రాసి చూపించమంటే ఆమె రాయలేదు. ఈ వయసులో పలక పట్టుకోవడం నామోషీ.

లిఫ్టు మధ్యలో ఆగిందనీ, తలుపు మూసుకోవడం లేదనీ కంపెనీకి వచ్చే ఫిర్యాదులకు జవాబులు రాయడం అతని పని. తెమలనివి ఇంటికి తెచ్చుకుంటాడు. ఆఫీసు కంప్యూటరుదొక తీరు, ఇంట్లో ఉన్న పాతదానిది మరో తీరు. లోపలి వ్యవస్థలే వేరు, రెండింటికీ ఉప్పూ నిప్పూ. అయినా మెయిళ్ల మూటంతా ఒక్క డిస్కులో ఉంచి, దేనికి తగిలిస్తే దానిలో తెరుచుకునేలా ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఆయన ఏర్పాటు చేసిపెట్టాడు. ఒక్కటే షరతు. ఒకచోట మూశాకే ఇంకోచోట తెరవాలి.

ఒకనాటి మధ్యాహ్నం ఆఫీసులో, మెయిల్లోని చిత్తు ఉత్తరాల అరలో తను రాయని ఉత్తరం ఒకటి కనిపించింది. పైన ఎవరి చిరునామా లేదు. ‘కూరలో ఉప్పు రెండుసార్లు వేశావు. నోరు లేనిదాన్ని కదా, లోకువ.’ తిండిడబ్బా మూత చేత్తో పట్టుకునే చాలాసేపు నవ్వుకున్నాడు. అప్పటినుంచీ రోజూ అతను స్నానానికి వెళ్లగానే ఆమె రాయడం, మధ్యాహ్నం అతను చదువుకోవడం. ఇంట్లో ఆ ఊసు ఇద్దరూ ఎత్తరు. రోజు మొత్తంలో అతను ఎదురుచూసేది ఆ నాలుగు ముక్కల కోసమే.

ఇవాళ ఆఫీసులో డిస్కు తగిలిస్తే మెయిలు తెరుచుకోలేదు. వేరేచోట తెరిచే ఉంది, ముందు అక్కడ మూయమంది. మూయకుండా లాగేశానని అప్పుడు గుర్తొచ్చింది. తాళం ఫైలని ఒకటుంటుంది, దాన్ని చెరిపేస్తే బలవంతంగా తెరుచుకుంటుంది. పోయినేడు అలాగే చేస్తే రెండు నెలల ఉత్తరాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ రెండు నెలలూ అక్క తనను ఏమని తిట్టిందో మళ్లీ చదువుకుందామంటే ఒక్క ముక్కా మిగల్లేదు.

మేనేజరు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"నలభై మంది జవాబు కోసం కూర్చున్నారండీ. తీసేయండి ఆ తాళం."

"వద్దు సార్. సాయంత్రం ఇంటికెళ్లి మూసేస్తా. అందాకా అందరికీ ఫోన్లో చెప్తాను."

ఈయనకు చాదస్తం ముదిరిందని గొణుక్కుంటూ మేనేజరు వెళ్లిపోయాడు. గుమాస్తా ఒక్కొక్కరికే ఫోను చేసి, తిట్లు తిని, క్షమించమని అడిగాడు. ఏడాదికి సరిపడా మాటలు ఆ ఒక్కరోజే మాట్లాడాడు. మధ్యాహ్నం డబ్బా విప్పాడు గానీ, చదవడానికి ఏమీ లేక ముద్ద దిగలేదు. ఇంటికి ఫోను చేస్తే అక్క రిసీవరు మీద రెండుసార్లు తట్టి బాగున్నానని చెబుతుంది. చేద్దామనుకున్నాడు. పాపం, లేచి ఫోను దాకా రావాలి. సాయంత్రం ఎలాగూ వెళ్తాను కదా అని మానుకున్నాడు.

చీకటి పడకముందే ఇల్లు చేరాడు. అక్క కుర్చీలోనే ఉంది, తల పక్కకు వాలి ఉంది. కునుకు తీస్తోందనుకుని చెప్పులు చప్పుడు కాకుండా విడిచాడు. ఒళ్లో ఉన్న ఎడమచెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. కేక విని పక్కింటావిడ వచ్చింది. ఆవిడ పిలిస్తే డాక్టరు వచ్చాడు. ప్రాణం పోయి చాలాసేపయింది, మధ్యాహ్నానికి ముందే పోయి ఉంటుందన్నాడు.

డాక్టరు వెళ్లాక గుమాస్తా తెర వైపు చూశాడు. డిస్కులోకి ఎక్కని పొద్దుటి ఉత్తరం అలాగే ఉంది.

‘ఒరేయ్, పొద్దున్నుంచి ఈ చెయ్యి కూడా తిమ్మిరెక్కుతోంది. కంగారు పడకు. ఇవాళ కాసేపు ఆగి’

అంతే. ఆ చెయ్యి వెళ్లిరా అనలేదు. ఆగమంది. అతను గోడకు ఆనుకుని కూలబడి, నోటికి చొక్కా అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

అక్కను పడుకోబెట్టాలి, నలుగురూ వస్తారు, గదిలో చోటు చెయ్యాలని పక్కింటావిడ కంప్యూటరు కట్టేయబోయింది.

"వద్దమ్మా," అన్నాడు. "దాన్ని మూయకండి."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. అతను లేచి జేబులోంచి అక్క కళ్లజోడు పెట్టె తీశాడు. మూత తెరిచాడు గానీ, ఏది నొక్కితే ఆ మూడు వాక్యాలూ నిలుస్తాయో, ఏది నొక్కితే పోతాయో తేల్చుకోలేకపోయాడు. కీబోర్డు పక్కన మూత తెరిచిన కళ్లజోడు పెట్టె, అందులో డిస్కు అలాగే ఉండిపోయాయి.