ఎడమ అంచున ఉన్న పాప

మ్యూజియం చూపించే అమ్మాయి పెట్టిన షరతు ఒక్కటే. గోడకున్న ఒక్కో బొమ్మ ముందు నోరు మూసుకుని కాళ్లు పీకేదాకా నిలబడాలి, ఆ తర్వాత ఎవరి కంటబడింది వాళ్లు చెప్పాలి. కుట్టుపనివాళ్ల సంఘం తరఫున వచ్చిన ఆడవాళ్లంతా ముఖముఖాలు చూసుకున్నారు. వాళ్లలోని అక్కాచెల్లెళ్లిద్దరిలో అక్క మాత్రం చేతిసంచి చెల్లెలికి అప్పగించి, బొమ్మకు ఎదురుగా వెళ్లి నిలబడింది.

చెల్లెలి చూపు బొమ్మ మీద లేదు, అక్క మీదే ఉంది. పోయిన నెల కంటి డాక్టరు అక్కను బయట కూర్చోబెట్టి అసలు సంగతి తనకే చెప్పాడు. చూపు అంచుల నుంచి లోపలికి చచ్చిపోతూ వస్తోందట. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలవాలంటే చుక్కల మందు ఒక్క పూట కూడా తప్పకూడదు. ఆ మాట చెవిన పడితే అక్క అక్కడికక్కడే కత్తెర పక్కన పెట్టేస్తుంది. వాళ్ల కుట్టు కొట్లో బట్ట కత్తిరించేది ఆమె ఒక్కతే, బడిపిల్లల యూనిఫాంల ఆర్డరు చూస్తే నెత్తి మీద ఉంది. అది గట్టెక్కాక చెబుదాంలే అనుకుని, దురదకు ఇచ్చాడంటూ చెల్లెలు ఆ సీసా అక్క చేతిలో పెట్టింది.

దురద లేని రోజున అక్క ఆ సీసా జోలికే పోయేది కాదు. వేసుకోమని పోరితే, లేని దురదకు మందేమిటని కొట్టిపారేసేది. ఇంకా పట్టుబడితే ఎందుకని అడుగుతుంది. అందుకే చెల్లెలు ఊరుకుంది. కళ్లున్నప్పుడే నాలుగు మంచి బొమ్మలు చూపిద్దామని ఈ ప్రయాణానికి ఇద్దరి పేర్లూ ఇచ్చింది.

బొమ్మలో నడివయసు మనిషొకడు కుర్చీలో కూర్చుని చొక్కా బొత్తాం పెట్టుకుంటున్నాడు. అక్క వంతు వచ్చింది. చంక దగ్గర ముడత పడిన తీరు చూసి, అది అతని కొలతలకు కుట్టిన చొక్కా కాదని, ఎవరి దగ్గరో ఎరువు తెచ్చుకున్నదని తేల్చేసింది. అందరూ నవ్వారు. మ్యూజియం అమ్మాయి మెచ్చుకుని, మరి అతను ఎవరివైపు చూస్తున్నాడో కూడా చెప్పమంది.

"ఎవరున్నారని? గోడకేసి చూస్తున్నాడు పాపం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అక్క నలుగురిలో నగుబాటు కాకూడదన్న తొందరలో, పరీక్షలో పక్కదానికి జవాబు అందించినట్టు చెల్లెలు చెవిలో ఊదింది. "ఎడమ పక్క, తలుపు దగ్గర పాప ఉంది, చెప్పు."

అక్క మెడ మెల్లగా ఎడమకు తిప్పింది. చూపు తలుపు దాకా వచ్చేసరికి కనుబొమలు పైకి లేచాయి. మళ్లీ కుర్చీ మనిషి వైపు తిరిగింది, మళ్లీ పాప వైపు. ఆ తర్వాత చెల్లెలికి మాత్రమే వినబడేలా అడిగింది.

"నాకు కనపడదని నీకెలా తెలుసే?"

చెల్లెలు ఒక అబద్ధం కోసం తడుముకుంది. నెల రోజులుగా నోటికొచ్చిన అబద్ధాల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు.

"డాక్టరు చెప్పాడక్కా. ఆ మందు దురదకు కాదు. రోజూ వెయ్యాలి."

"నాకెప్పుడు చెబుదామని?"

"యూనిఫాంలు అయ్యాక."

మిగతావాళ్లు పక్క గదిలోకి కదిలారు. వాళ్లతో వెళ్లమని చెల్లెలికి చేత్తోనే సైగ చేసి, అక్క బొమ్మ ముందే ఉండిపోయింది. కొత్త బట్ట తానులో లోపాలు వెతికినట్టు ఈ అంచు నుంచి ఆ అంచుకు తల తిప్పుకుంటూ చూస్తోంది.

చెల్లెలు వెళ్లలేదు. అక్క భుజానికి జానెడు దూరంలో, పక్కనే నిలబడింది. తాను అక్కడ ఉన్నట్టు అక్కకు తెలియాలంటే అక్కే ఇటు తిరగాలి.