బల్ల మీద పరుగు

దర్జీపని చేసే ఆ తల్లికి మూడు నెలలుగా కంటి మీద కునుకు లేదు. పన్నెండేళ్ల కూతురు బడి మైదానంలో పరుగెత్తుతూ మొదలు నరికిన చెట్టులా కూలిపోయింది. తేరుకుని, "కాలు మడతపడిందంతే" అంది. ఆసుపత్రిలో స్కాన్ తీస్తే అసలు సంగతి తేలింది. గుండెకు రక్తమిచ్చే నాళం ఒకటి పుట్టుకతోనే తప్పుచోట మొలిచి, రెండు పెద్ద నాళాల సందులో నలుగుతూ పోతోంది.

"పరుగెత్తినప్పుడు గుండెకి రక్తం చాలుతోందో లేదో చూడాలమ్మా. ఆపరేషన్ సంగతి తేల్చేది అదే" అన్నాడు డాక్టరు. "పాప కదలకుండా పడుకుంటుంది. మందు ఎక్కించి గుండెని పరుగెత్తిస్తూ ఎంఆర్ఐలో బొమ్మలు తీస్తాం."

"నేను మెట్లు కూడా ఎక్కనివ్వట్లేదు. మీరేమో పరుగెత్తిస్తామంటారా?"

"మేం పక్కనే ఉంటాం, విరుగుడు మందు చేతిలో ఉంటుంది. మైదానంలో ఎవరుంటారు చెప్పండి?"

ఆమె ఒప్పుకోలు కాగితం అందుకుంది. సంతకం పెట్టింది.

పరీక్షగది ముందు నర్సు అడిగింది. "లోపల పెద్ద అయస్కాంతం ఉంది. ఒంటి మీద ఇనుమేమైనా ఉందా?"

లేదంది తల్లి. తీరా వెతికితే కుర్తా మెడపట్టీలో నాలుగు గుండుసూదులు, చేతి అంచులో రెండు, జేబులో చిన్న కత్తెర బయటపడ్డాయి.

"నువ్వు మనిషివా, సూదుల డబ్బావా అమ్మా!" పకపకా నవ్వింది పిల్ల. ఆ నవ్వుతోనే బల్ల మీద పడుకుని యంత్రపు సొరంగంలోకి వెళ్లిపోయింది. గదిలోనే నిలబడ్డ తల్లికి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి.

మందు ఎక్కుతోంది. యంత్రం దడదడలాడుతోంది. తెర మీద గుండెవేగం నూటపది, నూటముప్పై, నూటయాభై.

"ఛాతీలో నొప్పిగా ఉందా తల్లీ?" మైకులో డాక్టరు.

"అబ్బే, ఏం లేదు."

అప్పుడే పిల్ల ఎడమకాలి బొటనవేలు లోపలికి ముడుచుకుంది. నొప్పిని దిగమింగేటప్పుడు చంటితనం నుంచీ దానికి అదే అలవాటు. చెబితే పిల్ల ఛాతీ కోస్తారు. చెప్పకపోతే? మరుక్షణం పక్కనున్న నర్సు చెయ్యి పట్టుకుని కేకేసింది.

"అబద్ధం చెబుతోంది! నొప్పేస్తోంది దానికి! ఆపించండి!"

మందు ఆపి విరుగుడు ఇచ్చారు. వేగం మెల్లగా దిగింది. బయటికొచ్చిన పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎందుకు చెప్పావు? ఇంక నన్ను పరుగెత్తనివ్వరు!"

"మైదానంలో కూడా నొప్పేసిందా?"

పిల్ల అవునన్నట్టు తలూపింది.

"ఎన్నిసార్లే?"

"లెక్కపెట్టలేదు."

డాక్టరు బొమ్మలు చూపించాడు. గుండె అంతా గబగబా ముడుచుకుంటుంటే ఒక్క ముక్క వెనకబడిపోతోంది. "ఇక్కడికి రక్తం అందట్లేదు. మీరు కేకేసేసరికి నేనూ ఇదే చూస్తున్నాను. నాళాన్ని సరిచేస్తే పరుగెత్తొచ్చనే నా నమ్మకం. అదీ మళ్లీ ఇదే పరీక్ష చేశాకే."

పదకొండు రోజులు పిల్ల తల్లితో మాట్లాడలేదు. ఆపరేషన్ గది తలుపు దగ్గర మాత్రం, "అమ్మా, చెయ్యి పట్టుకో" అంది.

నాలుగు నెలలకు రెండో పరీక్షలో ఆ ముక్క మిగతావాటితో సమంగా కదిలింది. కొంచెం కొంచెంగా మొదలుపెట్టమన్నాడు డాక్టరు. ఆ సాయంత్రమే పిల్ల బూట్లు కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మెల్లిగా పరుగెత్తు."

"మెల్లిగా అయితే దాన్ని నడక అంటారమ్మా!"

పిల్ల వీధి మలుపు తిరిగింది. తల్లి మలుపు దాకా వెళ్లి, పిల్ల తిరిగొచ్చేదాకా అక్కడే నిలబడింది.