వెడల్పాటి తలుపు

పళ్ళ డాక్టరుకి అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు, వృత్తితో అబ్బింది. కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ నోరు తెరవకముందే ఓ అబద్ధం ఆడేస్తాడు. రోజుకి రెండుసార్లు తోముకుంటున్నానంటాడు, తీపి ముట్టుకోనంటాడు. తీరా నోరు తెరిస్తే లోపలి కథ వేరే ఉంటుంది. ఏళ్ళ తరబడి అలాంటి నోళ్ళు చూసీ చూసీ, కూరగాయల కొట్టులో నిలబడ్డా ఆయన కళ్ళు తూకం ముల్లు మీదే ఉండేవి.

అలాంటి మనిషికి యాభై దాటాక విమానం పిచ్చి పట్టుకుంది. లారీలు తిప్పే స్నేహితుడొకడు తోడయ్యాడు. ఇద్దరూ కలిసే నడపడం నేర్చుకున్నారు, కలిసే ఓ పాత రెండు సీట్ల విమానం కొనుక్కున్నారు. ఊరి చివర చిన్న ఎయిర్‌ఫీల్డులో, గడ్డి మీద, రెక్కలకి తాళ్ళు కట్టి దాన్ని ఆరుబయటే ఉంచేవారు. కిందటేడు వడగళ్ళు కురిసి రెక్కలు సొట్టలు పడేసరికి, దీనికో నీడ చూడక తప్పదనుకున్నారు. రన్‌వే చివర కాస్త జాగా లీజుకి దొరికింది.

షెడ్డు కట్టే పని డాక్టరు బామ్మర్దికి అప్పజెప్పారు. అతను గోడౌన్లూ కోళ్ళఫారాలూ కట్టించే మనిషి. "కోళ్ళ షెడ్డుకీ దీనికీ తేడా ఏముంది బావా, రెండింట్లోనూ ఉండేవి రెక్కలున్నవే కదా" అన్నాడు. అందరూ నవ్వారు. డాక్టరు నవ్వుతూనే టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

ప్లానంతా భోజనాల బల్ల మీదే తయారైంది. విమానం రెక్కల పొడవు ఎంతో అంత, అటో చెయ్యి ఇటో చెయ్యి దూరం వదిలి తలుపు. గాలివాన ఎప్పుడూ పడమటి నుంచే కొడుతుంది కాబట్టి అటు మూసిన గోడ. తలుపు రెండు ముక్కలు, కింద పట్టా మీద జరిగేలా. నూనె ఒలికినా నీళ్ళు చేరినా బయటికే పోయేలా నేల వాలు. అన్నీ డాక్టరే చెప్పాడు, బామ్మర్ది గీశాడు, లారీలాయన తలాడించాడు. డాక్టరు భార్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అన్నీ విన్నది.

పునాదులు మొదలయ్యాక ఓ ఆదివారం ఆయన చూడ్డానికి వెళ్ళాడు. స్తంభాల గోతులు తవ్వి ఉన్నాయి. చూడగానే ఏదో తేడాగా అనిపించింది. టేపు పెట్టి కొలిస్తే, తలుపు వచ్చే వైపు గోతుల మధ్య దూరం తాము అనుకున్నదానికి దాదాపు రెట్టింపు ఉంది. మేస్త్రీని పిలిచి అడిగాడు. కొలతలు మారాయి కదా సార్, మీకు తెలీకుండా ఉంటుందా అన్నాడతను అమాయకంగా. బామ్మర్దికి ఫోన్ చేస్తే, వచ్చి వివరంగా చెప్తాను బావా అన్నాడు. వారం గడిచినా రాలేదు. అక్క చేతి టీ కోసం రోజు విడిచి రోజు ఊడిపడే మనిషి, వీధి మలుపు దాకా కూడా రావడం మానేశాడు.

అప్పటినుంచి డాక్టరుకి ప్రతిదీ వంకరగానే కనబడసాగింది. ఆయన వంటింట్లోకి అడుగు పెట్టేసరికి భార్య ఫోన్లో మాట మార్చేసేది. అవతల ఉన్నది తమ్ముడేనని గొంతు చెబుతూనే ఉండేది, ఆవిడ మాత్రం ఉల్లిపాయల ధర గురించి మాట్లాడేది. తమ్ముడితో ఉల్లిపాయల ధర మాట్లాడే అక్క ఎక్కడైనా ఉంటుందా? లారీలాయన మునుపు వారానికి రెండుసార్లయినా ఎగరడానికి రమ్మని పిలిచేవాడు. ఇప్పుడు పిలవడం లేదు సరికదా, ఇంజన్‌లో ఏదో శబ్దం వస్తోంది, మెకానిక్ చూసేదాకా ముట్టుకోవద్దు డాక్టరుగారూ అన్నాడు. డాక్టరు వెళ్ళి స్టార్టు చేసి చూశాడు. ఇంజను నిక్షేపంలా ఉంది.

ఇనప దూలాలు దిగిన రోజున ఆయన లెక్క తేలిపోయింది. అంత పొడుగు దూలాలు విమానానికి కాదు, లారీలకి. తన పేరుతో లీజు, తన పిచ్చితో పని, చివరికి లేచేది లారీల గోడౌను. బామ్మర్దికి అదే వచ్చిన విద్య కాబట్టి వాళ్ళిద్దరూ ఒకటైపోయారు. ఇక భార్య సంగతా, పుట్టింటివాళ్ళ మీద ఈగ వాలనివ్వదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తను పట్టుకుంటాడు. ఇంట్లో మాత్రం ఏమీ ఎరగనట్టు అన్నం తిని లేచేవాడు.

నిజానికి ఆ రోజుల్లో ఆయన దగ్గరా ఓ దాపరికం ఉంది. ఎండాకాలం మొదట్లో ఒకసారి ఒంటరిగా ఎగిరి దిగుతుండగా, నేలంతా ఒక పక్కకి ఒరిగినట్టయింది. ఎలాగో దించాడు. పొద్దున్న ఏమీ తినకపోవడం వల్లే అని సర్దిచెప్పుకున్నాడు. తర్వాత స్నానాలగదిలో రెండుసార్లు అలాగే అయితే, గోడ పట్టుకుని నిలబడి, అది పోయాక తువ్వాలు భుజాన వేసుకుని మామూలుగా బయటికొచ్చాడు. ఎవరికీ చెప్పలేదు.

ఓ మధ్యాహ్నం క్లినిక్‌లో పేషెంట్లని సాయంత్రం రమ్మని పంపేసి, చెప్పాపెట్టకుండా ఎయిర్‌ఫీల్డుకి వెళ్ళాడు. మూడు వైపులా రేకులు కొట్టేశారు. లోపల మాటలు వినిపించి రేకు వెనకే ఆగిపోయాడు. లారీలాయన గొంతు, బామ్మర్ది గొంతు, ఆ రెండింటి మధ్యా తన భార్య గొంతు. పొద్దున్న పక్కింటావిడతో బజారుకెళ్తున్నానని చెప్పిన మనిషి.

"ఆయనకి ఎప్పుడు చెప్తావక్కా?" అంటున్నాడు బామ్మర్ది.

"తలుపు బిగించనీ. ముందే తెలిస్తే పీకించేస్తారు."

డాక్టరు చుట్టూ తిరిగి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. బామ్మర్ది మొహం మాడిపోయింది. లారీలాయన తలుపు పట్టా మీద లేని దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. భార్య మాత్రం కదల్లేదు. ఎన్ని లారీలు పెట్టబోతున్నారని డాక్టరు అడిగాడు. తనకి వాటా ఏమైనా ఉందా, లేక కాపలావాడి ఉద్యోగమేనా అని కూడా అడిగాడు.

"మీరు మొన్న ఎండలు మొదలైనప్పుడు దిగి, గడ్డిలో తల పట్టుకు కూర్చున్నప్పుడు నేను కంచె దగ్గరే ఉన్నాను" అంది ఆవిడ. "కళ్ళజోడు మర్చిపోయారని తెచ్చాను."

డాక్టరు చెయ్యి కళ్ళజోడు మీదికి పోయింది.

ఆవిడ మిగతాదంతా గొంతు పెంచకుండానే చెప్పింది. ఆ సాయంత్రం ఎలా ఉందని అడిగితే ఆయన బ్రహ్మాండం అన్నాడు. మర్నాడూ అదే మాట. చెప్తారేమో, చెప్తారేమో అని ఎదురుచూసింది. స్నానాలగది బయట కూడా నిలబడింది. చివరికి తమ్ముడికి చెప్పుకుంది, తమ్ముడు లారీలాయనకి చెప్పాడు. ఇంజన్‌లో శబ్దమన్నది డాక్టరుని ఒంటరిగా ఎగరనివ్వకుండా ఆపడానికే. లారీలాయన ఎలాగూ నాలుగు సీట్ల విమానం కొనాలన్న ఆలోచనలో ఉన్నాడు. అందులో ముందు డాక్టరు పక్కన నేర్పే మనిషి కూర్చుంటాడు, వెనక తను కూర్చుంటుంది. రెండు విమానాలూ పక్కపక్కన పట్టాలనే తలుపు వెడల్పు పెంచమన్నది తనే.

"నాతో చెప్పకుండానా?" అన్నాడు డాక్టరు. "నా వెనకాల ఇంత నడిపించి?"

"మీరు నాకు చెప్పకపోతే నేనెవరికి చెప్పుకోను? ఎగరొద్దంటే వింటారా? ఎగిరితే నా కళ్ళముందే ఎగరండి."

ఆయన ఆ రోజు ఒక్కడే నడిచి ఇంటికి వచ్చాడు. కొన్నాళ్ళు ఇంట్లో మాటల్లేవు. కోపం తగ్గిందనుకున్నప్పుడల్లా, ముగ్గురూ తన గురించి మంతనాలాడిన సంగతి గుర్తొచ్చి మళ్ళీ రాజుకునేది. దొంగల్ని పట్టుకుందామని వెళ్ళినవాడు తనే పట్టుబడ్డాడు, అది మరీ మింగుడు పడలేదు. ఓ పొద్దున అద్దం ముందు గడ్డం గీసుకుంటుండగా గోడలు మళ్ళీ తిరిగాయి. ఈసారి ఆయన దాచలేదు, భార్యని పిలిచాడు. ఆవిడ వచ్చి చేతిలో బ్లేడు తీసి పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చోబెట్టింది.

చెవుల డాక్టరు చూసి, లోపలి చెవిలో లోపమనీ, మందులతో అదుపులో ఉంటుందనీ, ఒంటరిగా మాత్రం ఎగరొద్దనీ తేల్చి చెప్పాడు. పళ్ళ డాక్టరు ఆ మాటనీ ఓ పట్టాన నమ్మక ఇంకో చెవుల డాక్టరు దగ్గరికెళ్ళాడు. ఆయనా అదే చెప్పాడు.

షెడ్డు వానలకి ముందే పూర్తయింది. నలుగురూ కలిసి పాత విమానాన్ని లోపలికి తోశారు. అంత వెడల్పు తలుపులోంచి వెళ్ళి అది ఓ మూల నిలబడితే, నాన్న చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఉంది. నాలుగు సీట్లది ఇంకా రాలేదు. ఈ నెల, వచ్చే నెల అంటున్నాడు లారీలాయన. ఈలోగా గట్టి వానొచ్చినప్పుడు, రెండు రోజులకే కదా అని ఓ లారీని తెచ్చి ఖాళీ జాగాలో నిలిపాడు. డాక్టరు భార్య వైపు ఓ చూపు చూశాడంతే. ఆవిడ లారీలాయనకి ఫోన్ చేసింది. సాయంత్రానికల్లా లారీ కదిలింది.

తలుపు తాళంచెవులు రెండే ఉన్నాయి. ఒకటి లారీలాయన దగ్గర, రెండోది ఆవిడ కొంగు ముడిలో. వాన వెలిసిన ఓ ఆదివారం, విమానం మీద దుమ్ము తుడిచి వస్తాను, తాళంచెవి ఇమ్మని డాక్టరు అడిగాడు. తుడవడానికేనా అంది ఆవిడ. తుడవడానికే అన్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి కాసేపు చూసింది, ఆయన పేషెంట్ల నోళ్ళలోకి చూసినట్టే. తర్వాత చెప్పులు తొడుక్కుంది.

"పదండి, నేనూ ఓ గుడ్డ తెచ్చుకుంటాను" అంది.